సేవకు సిద్ధపడేవారి చేతికి పాత అనువాదం బైబిలు: కొనే ముందు, కొన్న తర్వాత

గోదావరి డెల్టాలో చాలా సంఘాల అయ్యగార్లు ఒక్కొక్కరూ రెండు మూడు ఊళ్ళు చూసుకోవాలి. ఆయన పక్క ఊరు వెళ్ళిన ఆదివారం ఇక్కడ ఎవరో ఒకరు లేచి వాక్యం చెప్పాలి. ఇళ్ళలో కూడికలు, సండే స్కూలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, చావు జరిగిన ఇంట్లో ఆదరణ కూడిక, ఇవన్నీ ఎక్కువగా మోసేది జీతం లేని విశ్వాసులే. ఆ పనికి సిద్ధపడాలనుకున్నవారు మొదట అడిగే మాట, "ఏ బైబిలు కొనమంటారండి?" అని.

ఇక్కడ చూస్తున్నది బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వేసే పాత అనువాదం, అందులోనూ రిఫరెన్సులున్న ముద్రణ, అంటే ఒక వచనానికి సంబంధమున్న వేరే వచనాల నంబర్లు చూపేది. అట్ట మీద పరిశుద్ధ గ్రంథము అని ఉంటుంది. 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. ముందే తేల్చి చెప్పాలంటే, డెల్టాలో దేవుని పనికి సిద్ధపడేవారు కొనాల్సింది ఇదే. పక్కన వాడుక భాషలో ఉన్న అనువాదం ఒకటి, 200 పేజీల రూళ్ళ నోటుబుక్కు ఒకటి లేకుండా మాత్రం దీన్ని సేవకు వాడకండి. ఎందుకో చెప్పాలంటే ముందు దాని భాష దగ్గరకు వెళ్ళాలి.

ఈ అనువాదాన్ని గ్రాంథికం అని పక్కన పెట్టేసేవారు తొందరపడుతున్నారు. క్రియల చివర్లు పాతవే, "చెప్పెను", "వెళ్లుదురు" అని ఉంటాయి. నామవాచకాలు మాత్రం మన పొలాల్లోవి. రూతు వెళ్ళింది "పరిగె" ఏరడానికి. బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పిన ప్రభువు చేతిలో ఉన్నది "చేట", ఆయన శుభ్రం చేసేది "కళ్లము". సౌలుతో ప్రభువు అన్నమాట, "మునికోలలకు ఎదురు తన్నుట నీకు కష్టము" అని. ఎద్దులు తోలిన పెద్దాయన ఉన్న ఇంట్లో ఆ మాట చదివితే వివరణ అక్కర్లేదు. నోవహు ఓడ కొలతలు మూరల్లో ఉంటాయి. మోచేతి నుంచి వేలి కొన దాకా ఒక మూర. పూలమ్మే అమ్మ ఇవాళ్టికీ బజార్లో అలాగే కొలుస్తుంది. మూడువందల మూరల ఓడ ఎంతుంటుందో సండే స్కూలు పిల్లలకు చెప్పాలంటే, ఒక పిల్లవాడి చెయ్యి చాపించి మూర చూపించి, తర్వాత పెద్దవాళ్ళ మూరల్లో అది 450 అడుగుల దాకా వస్తుందని చెప్పండి. పిల్లలు ఇక మర్చిపోరు.

ఆదికాండము 24లో రిబ్కాకు ఇచ్చిన బంగారు కడియాలు పది తులాలు. మూలంలో ఉన్నది షెకెలు. షెకెలు బరువు 11 గ్రాములకు కాస్త ఎక్కువ, పాత తులం 11.66 గ్రాములు. అనువాదకులు ఎంత దగ్గరి మాట ఎంచుకున్నారో చూడండి. మన వైపు బంగారం లెక్క కాసుల్లో కాబట్టి, వినేవారికి పద్నాలుగు కాసులకు పైమాటే అని చెబితే చాలు.

ఇబ్బంది మరో చోట ఉంది. అర్థం తెలియని మాట దగ్గర చదివేవాడు ఆగుతాడు, అడుగుతాడు. అర్థం తెలుసనుకున్న మాట దగ్గర ఆగడు. పాత అనువాదంలో ఇలాంటి మాటలు చాలానే ఉన్నాయి, సేవకు కొత్తగా వచ్చినవారు జారేది సరిగ్గా అక్కడే. "స్వాస్థ్యము" అంటే వారసత్వంగా వచ్చే ఆస్తి. దాన్ని స్వస్థత అనుకుని, స్వాస్థ్యం వాగ్దానాల్ని రోగుల దగ్గర చదివేవారున్నారు. "నిబంధన" అంటే ఇప్పుడు మనకు షరతు, రూలు. లేఖనంలో అది దేవుడు తన ప్రజలతో చేసుకున్న ఒడంబడిక. "అభ్యంతరపరచు" అంటే ఆక్షేపణ చెప్పడం అనుకుంటారు. మత్తయి 18:6లో దాని అర్థం విశ్వాసంలో ఉన్న చిన్నవాణ్ణి తొట్రిల్లి పడిపోయేలా చేయడం, అందుకే అక్కడ తిరుగటిరాయి ప్రస్తావన అంత కఠినంగా ఉంటుంది. "శోధన" అన్న ఒక్క మాటే పరీక్షకూ, పాపం వైపు లాగే ఆకర్షణకూ వాడారు. యాకోబు 1వ అధ్యాయంలో 2, 3 వచనాల్లో ఒకటి, 13వ వచనంలో మరొకటి. ఈ తేడా చెప్పకపోతే వినేవారికి "దేవుడు శోధిస్తాడా, శోధించడా" అన్న సందేహం మిగిలిపోతుంది.

వీటన్నిటిలో శ్రద్ధగా చూడాల్సిన మాట ఎఫెసీయులకు 1:14లో ఉంది: "సంచకరువు". పరిశుద్ధాత్ముడు మన స్వాస్థ్యమునకు సంచకరువుగా ఉన్నాడు అంటాడు పౌలు. ఈ మాట ఇప్పుడు ఎవరి నోటా రాదు కానీ, ఆ పని డెల్టాలో రోజూ జరుగుతుంది. కొబ్బరితోట కౌలుకైనా, చేపల చెరువు లీజుకైనా, స్థలం కొనుగోలుకైనా ముందు బయానా ఇస్తారు. బయానా ఇచ్చినవాడు మాట మీద నిలబడతాడనీ, మిగతా సొమ్ము వస్తుందనీ అందరికీ నమ్మకం. దేవుడు తన ఆత్మనే బయానాగా ఇచ్చాడని చెబితే, అక్షరం రాని ముసలమ్మకు కూడా ఆ వచనం అందుతుంది. సంచకరువు అని నాలుగుసార్లు గట్టిగా చదివి వదిలేస్తే చెప్పేవారికే అర్థం కాలేదని తెలిసిపోతుంది.

అందుకే నోటుబుక్కు చివరి 20 పేజీలు విడిగా ఉంచుకుని, ఇలాంటి మాటలకు మీ సొంత పట్టిక రాసుకోండి. ఎడమ పక్క పాత మాట, మధ్యలో వచనం నంబరు, కుడి పక్క ఇవాళ మనం అనే మాట. కొత్త నిబంధన ఒకసారి చదవడం పూర్తయ్యేసరికి పట్టిక గట్టిగానే నిండుతుంది. దుకాణంలో దొరికే ఏ నిఘంటువు కన్నా అది మీకు ఎక్కువ పనికొస్తుంది.

పాత అనువాదంలో రెండో చిక్కు వాక్య నిర్మాణం. తెలుగులో క్రియ చివరికి వస్తుంది. పౌలు రాసిన పొడుగాటి వాక్యాన్ని తెలుగు చేసేటప్పుడు అనువాదకులు కొన్నిచోట్ల భాగాలను వెనక్కీ ముందుకీ జరపాల్సి వచ్చింది, వాటితో పాటే వచనాల లెక్కా జరిగింది. ఎఫెసీయులకు 1:4-6 తీయండి. "జగత్తు పునాది వేయబడక మునుపే, ప్రేమచేత ఆయన క్రీస్తులో మనలను ఏర్పరచుకొనెను" అన్న ముఖ్యమైన మాట పాత అనువాదంలో 6వ వచనంలో ఉంటుంది. కృపామహిమకు కీర్తి కలుగునట్లు అన్న భాగం 4వ వచనంలో ఉంటుంది. ఇంగ్లీషు బైబిళ్ళలో ఇది తిరగబడి కనిపిస్తుంది. ఇంగ్లీషు వ్యాఖ్యానమో, యూట్యూబు ప్రసంగమో పట్టుకుని "నాలుగో వచనం చూడండి, ఏర్పరచుకొనెను అని ఉంది" అని చెబితే ముందు కూర్చున్నవారు పేజీలు వెతుక్కుంటారు. తప్పు అచ్చులో లేదు, అనువాదంలోనూ లేదు. వ్యాఖ్యానం వాడే ముందు వచనాన్ని తెలుగులో ఒకసారి సరిచూసుకోవాలి, అంతే.

ఇలాంటి వాక్యాలను చదవడానికి నమ్మకమైన పద్ధతి ఒకటుంది. పెన్సిలు తీసుకుని ముందు వాక్యం చివరి క్రియ కింద గీత గీయండి. పై ఉదాహరణలో "ఏర్పరచుకొనెను". తర్వాత వెనక్కి నడవండి. ఎవరు? ఆయన. ఎవరిని? మనలను. ఎవరిలో? క్రీస్తులో. ఎప్పుడు? జగత్తు పునాదికి ముందు. ఎందుకు? పరిశుద్ధులమును నిర్దోషులమునై యుండవలెనని. ఏ దృష్టితో? కృపామహిమకు కీర్తి కలుగునట్లు. ఆరు ప్రశ్నలకు ఆరు జవాబులు వచ్చేశాయి, ఇంటి కూడికలో చెప్పే పది నిమిషాల వాక్యానికి వరుస కూడా వచ్చేసింది. మన సంఘాల్లో "వాక్యం" అన్న మాటకు దేవుని మాట అనీ, ప్రసంగం అనీ అర్థం. "క్రియ" అంటే వ్యాకరణంలో ఒకటి, యాకోబు పత్రికలో ఇంకొకటి. రెంటికీ ఒకే మాట ఉండడం తెలుగు క్రైస్తవులకు దొరికిన మంచి సదుపాయం. వాక్యం చదివాక క్రియ ఎక్కడుందో వెతకడం పేజీ మీదా చేయాలి, ఆ వారం మీ ఇంట్లోనూ చేయాలి.

ఎజ్రా 7:10 ఈ విషయంలో మంచి కొలబద్ద. ఎజ్రా ధర్మశాస్త్రాన్ని పరిశోధించడానికీ, దాని చొప్పున నడుచుకోడానికీ, ఇశ్రాయేలీయులకు నేర్పడానికీ దృఢనిశ్చయం చేసుకున్నాడు. మూడు పనులూ ఆ వరుసలోనే ఉన్నాయి. కొత్తగా సేవకు వచ్చినవారిలో కనిపించే లోపం మధ్యది ఎగిరిపోవడం. శనివారం రాత్రి పరిశోధన, ఆదివారం ఉదయం నేర్పడం, నడుచుకోడానికి మధ్యలో రోజే లేదు. అందుకే సోమవారమే మొదలుపెట్టండి. వచ్చే ఆదివారం చెప్పాల్సిన భాగాన్ని, పన్నెండు పదిహేను వచనాలకు మించకుండా, సోమ మంగళవారాల్లో కనీసం పదిసార్లు పైకి చదవండి. లోపల చదివితే కళ్ళు జారిపోతాయి, పైకి చదివితే నాలుక అడ్డుపడిన చోటల్లా ప్రశ్న పుడుతుంది. బుధవారం భాగమంతా చేత్తో రాయండి. రాసేటప్పుడే "అయితే", "గనుక", "అందువలన" అనే మాటలు కనబడతాయి, చదివేటప్పుడు ఎవరికీ కనబడవు. గురువారం రిఫరెన్సులు, కొత్త అనువాదంతో పోలిక. శుక్రవారం ఒక్కటే ప్రశ్న: ఈ భాగం నన్ను ఏం చేయమంటోంది? జవాబు ఒక్క పనిగా ఉండాలి, ఆదివారం లోపు అయ్యేదిగా ఉండాలి. అప్పు తీర్చడమో, తోడికోడలితో మాట కలపడమో, గట్టు తగాదాలో ఒక అడుగు వెనక్కి వేయడమో. శనివారం ఒక పేజీలో వరుస రాసుకోండి. ఒక పేజీ దాటితే 25 నిమిషాల్లో చెప్పలేరు.

శుక్రవారం అనుకున్న పని జరగని వారం ఆ భాగం చెప్పకండి, వేరే భాగం చెప్పండి. ఇది కొందరికి కఠినంగా అనిపిస్తుంది. అది సరైన కఠినత్వమే. వినువారు మాత్రమైయుండి మిమ్మును మీరు మోసపుచ్చుకొనకుండ, వాక్యప్రకారము ప్రవర్తించువారునైయుండుడి అన్న యాకోబు హెచ్చరిక చెప్పేవారికి ముందు వర్తిస్తుంది.

ఇక రిఫరెన్సులు. ముద్రణను బట్టి ఇవి వచనాల పక్కనో, మధ్య గీతలోనో, పేజీ అడుగునో చిన్న అక్షరాలతో ఉంటాయి. వీటితో పాటు "లేక" అని వేరే అర్థాన్ని, "మూలభాషలో" అని అక్షరార్థాన్ని చూపే అడుగు సూచనలూ ఉంటాయి. అవి తప్పకుండా చదవండి, చాలామంది వాటిని అచ్చు పనివారి గుర్తులనుకుంటారు. రిఫరెన్సుల బలమేమిటో తెలియాలంటే మత్తయి 4వ అధ్యాయంతో మొదలుపెట్టండి. సేవ ఆరంభించక ముందు అరణ్యంలో ప్రభువు ఎదుర్కొన్న మూడు శోధనలకు మూడు జవాబులు. మూడు రిఫరెన్సులూ తిప్పితే ద్వితీయోపదేశకాండములో 8:3, 6:16, 6:13 దగ్గర తేలతారు. మూడూ రెండే రెండు అధ్యాయాల్లోంచి వచ్చాయి. ఇప్పుడు 8:2-3 చదవండి. నలువది సంవత్సరములు, అరణ్యము, శోధించుట, ఆకలి, మన్నా. ఇశ్రాయేలు నలభై ఏళ్ళలో పడిపోయిన చోట ప్రభువు నలభై రోజులు నిలబడ్డాడని ఎవరూ చెప్పకుండానే కనబడుతుంది. బైబిలు చేతిలో పట్టుకుని దేవుని పనికి సిద్ధపడడం ఎలా ఉంటుందో ఆ పేజీలే చూపిస్తాయి.

ఇందులో ఒక ఉచ్చూ ఉంది. రిఫరెన్సులు కొన్ని అర్థాన్ని బట్టి కాక మాటను బట్టి కలిపినవి. "నీళ్ళు" అన్న చోటల్లా తిప్పుకుంటూ పోతే ఆదికాండము నుంచి ప్రకటన దాకా ఒక ప్రసంగం తయారవుతుంది, దానికి తలా తోకా ఉండవు. ఒక భాగానికి మూడు రిఫరెన్సులు చాలు. పాత నిబంధనలో దాని వేరు ఒకటి, అదే రచయిత వేరే చోట చెప్పింది ఒకటి, సువార్తల్లోంచి ఒకటి. ప్రతిదానికీ ముందు అయిదు, వెనక అయిదు వచనాలు చదవకుండా కాగితం మీద రాయకండి. జనవరి 1న వచ్చే వాగ్దాన కార్డుల్లో, దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావన్న యిర్మీయా 29:11 తరచూ ఉంటుంది. పై వచనం చదివితే బబులోను చెరలో డెబ్బది సంవత్సరాలు గడవాలని ఉంటుంది. ఆ మాట విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరుగు ప్రయాణం చూడలేదు. కార్డు మీది వాగ్దానం దాంతో చిన్నదైపోదు, లోతవుతుంది. ఆ లోతు చెప్పకుండా కార్డు మాత్రమే పంచితే జూన్ కల్లా విశ్వాసి నీరసపడతాడు.

పక్కన ఉంచుకునే అనువాదం సంగతి. ఫోనులో యూవెర్షన్ బైబిలు యాప్ ఉచితంగా దొరుకుతుంది. అందులో పాత అనువాదంతో పాటు ఐఆర్‌వి (ఇండియన్ రివైజ్డ్ వెర్షన్), సమకాలీన అనువాదం, తేలిక తెలుగులో ఉన్న పవిత్ర బైబిల్ కూడా ఉన్నాయి. పోల్చడానికి ఫోను మంచిది, కంఠతకూ ధ్యానానికీ కాదు. కాగితం మీద వచనం కుడి పేజీలో పైనుందో కిందుందో కంటికి గుర్తుంటుంది, తెర మీద ఆ జ్ఞాపకం నిలవదు. పైగా ధ్యానం మధ్యలో వాట్సాప్ మోగుతుంది. తేలిక అనువాదాలు విడమరచి చెప్పే క్రమంలో ఒక్కోసారి రెండు అర్థాలకు వీలున్న చోట ఒకటే అర్థం ఇచ్చేస్తాయి. అందుకే సిద్ధాంతం నిర్ణయించేటప్పుడు వాటి మీద మాత్రమే ఆధారపడకండి. కతోలిక సంఘాలు వాడే బైబిలులో 73 పుస్తకాలుంటాయి, కొనేటప్పుడు పొరపాటు పడకుండా విషయసూచిక చూసుకోండి.

చదివే లెక్క. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకు మూడేసి అధ్యాయాలు, ఆదివారం అయిదు చొప్పున ఏడాదిలో పూర్తవుతుందని అందరూ చెబుతారు. లెక్క సరిపోతుంది కానీ పది అధ్యాయాల వెసులుబాటే ఉంటుంది. సార్వా నాట్లు, దాళ్వా కోతలు, వరద, జ్వరం, పెళ్ళిళ్ళు ఉన్న ఇంట్లో అది నిలవదు. రోజుకు నాలుగు చదివితే 298 రోజుల్లో అయిపోతుంది, 67 రోజులు చేతిలో మిగులుతాయి. పైకి చదివితే అధ్యాయానికి సగటున నాలుగైదు నిమిషాలు, అంటే రోజుకు దాదాపు ఇరవై నిమిషాలు. చదువు ఆగిపోయేది దాదాపు ప్రతిసారీ లేవీయకాండములోనే. అక్కడికి రాగానే పక్కన హెబ్రీయులకు పత్రిక పెట్టుకోండి. లేవీయలో 27 అధ్యాయాలు, హెబ్రీలో 13. రెండేసి లేవీయకు ఒకటి హెబ్రీ చొప్పున కలిపితే బలులు, యాజకత్వం, ప్రాయశ్చిత్త దినం ఎందుకున్నాయో తెలుస్తుంది, దారి సాఫీ అవుతుంది.

ఈ చదువుతో పాటు ఒక చిన్న పత్రికను నెలంతా పట్టుకోవడం ఇంకా మంచిది. ఫిలిప్పీయులకు నాలుగే అధ్యాయాలు, 104 వచనాలు, ఇరవై నిమిషాల లోపే. ముప్పై రోజులు రోజూ మొత్తం చదివితే, కంఠత పట్టకుండానే సగం నోటికొస్తుంది. పదో రోజు దాకా కొత్తదనం, పదో రోజు నుంచి ఇరవై దాకా విసుగు, ఆ తర్వాతే అసలు చూడడం మొదలు. పదిహేనో రోజున మానేసేవారే ఎక్కువ.

పుస్తకం ఎంచుకునేటప్పుడు చూసుకోవాల్సినవి. నడుము పైభాగం చూడండి. కాగితాలు చిన్నచిన్న కట్టలుగా మడిచి దారంతో కుట్టి ఉంటే కుట్టు బైండింగు. సాఫీగా జిగురు మాత్రమే కనబడితే వద్దు, మన తేమకు జిగురు రెండు మూడు వానాకాలాల్లో వదిలేస్తుంది. ఆదికాండము 1 దగ్గర, ప్రకటన 22 దగ్గర తెరిచి బల్ల మీద పెట్టండి. మడత లోపలికి అక్షరాలు పోకూడదు. అక్షరం సైజును దుకాణం లైటులో కాక, మూరెడు దూరంలో పట్టుకుని, 1 దినవృత్తాంతములు మొదటి అధ్యాయంలోని పేర్లు చదివి చూడండి. వత్తులూ దీర్ఘాలూ విడిగా కనబడితే రాత్రి పందిట్లో ట్యూబులైటు కింద కూడా చదవగలరు. తెలుగు అక్షరానికి ప్రాణం వత్తులోనే ఉంది, అది కలిసిపోతే మంచి అట్ట ఎందుకూ కొరగాదు. ఒకే అధ్యాయం ఉన్న పుస్తకాలు అయిదు: ఓబద్యా, ఫిలేమోను, 2 యోహాను, 3 యోహాను, యూదా. అయిదూ తీసి చూడండి. ఎక్కడైనా పేజీలు ఎగిరిపోతే ఈ చిన్నవి మాయమైన సంగతి ఏళ్ళ తరబడి తెలియదు. బంగారు అంచు, బొటనవేలి గాట్లు, జిప్పు అవసరం లేదు. రెండు రిబ్బన్లున్నది దొరికితే ఆ డబ్బు దానికి పెట్టండి, పాత నిబంధనకొకటి, కొత్త నిబంధనకొకటి. బైబిల్ సొసైటీ ముద్రణలకు విరాళాల వల్ల రాయితీ ఉంటుంది, మామూలుగా ఇంత లావు పుస్తకానికి అయ్యే ధర ఉండదు.

బైబిలు కాగితం మామూలు నోటుబుక్కు కాగితంలో సగం మందమే ఉంటుంది. జెల్ పెన్ను, స్కెచ్ పెన్ను, నీటి హైలైటరు అన్నీ వెనక్కి దిగుతాయి. చెక్క రంగు పెన్సిళ్ళు వాడండి, మొన మరీ పదునుగా లేకుండా. మూడు రంగులు చాలు. దేవుడు చేసిన పనికి ఒకటి, మనం చేయాల్సిన పనికి ఒకటి, అర్థం కానిదానికి ఒకటి. అయిదారు రంగులు మొదలుపెట్టినవారి పేజీలు రెండో ఏటికి మొత్తం రంగుతో నిండిపోతాయి, ఏదీ గుర్తుగా మిగలదు. అర్థం కానిదాని రంగును తర్వాతి ఏడాది చదువులో ఒక్కొక్కటే చెరిపేసే సంతోషం వేరు.

కోనసీమ, నరసాపురం వైపు గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉంటాయి. ప్లాస్టిక్ జిప్పు కవరులో జూలై నుంచి నవంబరు దాకా మూసి ఉంచితే లోపలి తేమ బయటికి పోదు. పేజీలకు గోధుమరంగు మచ్చలు, అట్టకు బూజు వస్తాయి. గుడ్డ సంచి మేలు. ఎండలో ఆరబెట్టకండి, కాగితం పెళుసెక్కుతుంది, అట్ట వంకరపోతుంది. ఫ్యాను గాలికి పేజీలు విప్పి పెడితే చాలు. వెండి పురుగు రాకుండా నీడలో పూర్తిగా ఎండిన వేపాకు అల్మరాలో ఉంచండి, పుస్తకం లోపల పెట్టకండి, మరక పడుతుంది. లంకల్లో వరద నీటికి తడిస్తే తడిగా ఉన్నప్పుడు పేజీలు విడదీయొద్దు. పొడి గుడ్డతో నీరు ఒత్తి తీసి, నిలబెట్టి ఫ్యాను పెట్టి, కాస్త ఆరాక ఇరవై ముప్పై పేజీలకొక తెల్ల కాగితం పెట్టండి. న్యూస్‌పేపరు వద్దు, సిరా అంటుకుంటుంది. పౌలు చివరి రోజుల్లో తిమోతికి తన అంగీతో పాటు పుస్తకాలూ, ముఖ్యంగా చర్మపు కాగితాలూ తెమ్మని రాశాడు. పుస్తకాన్ని కాపాడుకోవడం చిన్న సంగతి అనుకోనక్కరలేదు.

ఈ నేల మీద ఆ విలువ మొదటి నుంచీ ఉంది. తెలుగులో సువార్తలు 1812లో సెరాంపూరులో అచ్చయ్యాయి, కొత్త నిబంధన 1818లో వచ్చింది. విలియం బౌడెన్, జార్జి బీర్ అనే మిషనరీలు 1836లో ఇండియాకు వచ్చి నరసాపురం ప్రాంతంలో పని మొదలుపెట్టేనాటికి తెలుగులో సంపూర్ణ బైబిలు ఇంకా లేదు. ఉన్న భాగాలతోనే ఈ డెల్టాలో సంఘాలు మొదలయ్యాయి. ఇప్పుడు 66 పుస్తకాలూ, నాలుగైదు అనువాదాలూ జేబులో ఉన్నాయి.

ఈ బైబిలు ఎవరికి వద్దు? పదేళ్ళ లోపు పిల్లలకు, కొత్తగా చదవడం నేర్చుకుంటున్న పెద్దలకు, మొన్ననే విశ్వాసంలోకి వచ్చినవారికి వాడుక భాష అనువాదంతో మార్కు సువార్త ఇవ్వండి, 16 అధ్యాయాలే. పాత అనువాదం రెండో ఏట ఇవ్వొచ్చు. కొత్తగా వచ్చినవారి చేతికి వెంటనే మైకు ఇవ్వకండి. క్రొత్తగా చేరినవాడై యుండకూడదు అని 1 తిమోతి 3:6 స్పష్టంగానే చెబుతోంది, గర్వాంధుడయ్యే ప్రమాదం అని కారణమూ చెబుతోంది. ఆ ఏడాదంతా ఆయన పక్కన కూర్చుని చదివే మనిషి ఒకరుండాలి. ఏ ముద్రణ కొన్నా ఆ మనిషి అట్టలో రారు, సంఘమే ఇవ్వాలి.

ఎనిమిది పదేళ్ళు గట్టిగా వాడితే అట్ట ఊడుతుంది. అప్పుడు కొత్తది కొనేసి పాతది అటక మీద పడేయకండి, అంచుల్లో మీరు రాసుకున్నవన్నీ అందులోనే ఉన్నాయి. భీమవరం, రాజమండ్రి, అమలాపురంలో కోర్టు రికార్డులు, స్కూలు రిజిస్టర్లు కుట్టే బైండరు ఎవరైనా చేసిపెడతారు. ఇచ్చేటప్పుడు మూడు మాటలు చెప్పండి: పాత కుట్టు విప్పొద్దు, నడుముకు గుడ్డ వేయాలి, అంచులు మిషను మీద కట్ చేయొద్దు. మూడోది కాగితం మీద రాసి లోపల పెట్టి మరీ ఇవ్వండి. అంచు నాలుగు మిల్లీమీటర్లు తెగితే మీరు రాసుకున్న ప్రతి పంక్తిలో చివరి అక్షరం పోతుంది.